డీబీఎస్ ట్రయల్ ఫలితం చదివేముందు: దేనితో పోల్చారు, ఎప్పుడు పోల్చారు?

డీబీఎస్ అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్: మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి, ఛాతీలోని బ్యాటరీతో కరెంటు ఇచ్చే చికిత్స. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు డీబీఎస్ చేస్తే, ఇబ్బంది పెట్టే డిస్కినీషియా (మందుల వల్ల వచ్చే అదుపులేని కదలికలు) లేకుండా కదలగలిగే "ఆన్" సమయం రోజుకు ఎన్ని గంటలు పెరుగుతుంది? 2009లో జామా పత్రికలో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 255 మంది ఉన్నారు. అందులో డీబీఎస్ గుంపుకు 4.6 గంటలు పెరిగింది, మందుల గుంపుకు పెరిగింది సున్నా. 2012లో సెయింట్ జూడ్ కంపెనీ పరికరంతో 136 మందిపై చేసిన ట్రయల్‌లో రెండు గుంపుల మధ్య తేడా సుమారు 2.5 గంటలే. చూడగానే రెండో పరికరం నాసిరకం అనిపిస్తుంది. కాదు. అందులో స్విచ్ వేసినవాళ్లకు పెరిగింది 4.27 గంటలు, అంటే మొదటి ట్రయల్‌కు కాస్త ఇటుగానే ఉంది. తేడా అంతా ఎదుటి గుంపులో ఉంది. రెండో ట్రయల్‌లో పోలిక మందులతో కాదు, ఎలక్ట్రోడ్లు పెట్టించుకుని మూడు నెలలు స్విచ్ వేయకుండా ఉన్నవాళ్లతో. వాళ్లకు కూడా 1.77 గంటలు పెరిగింది.

కరెంటు ఇవ్వకుండానే దాదాపు రెండు గంటలు ఎలా పెరిగాయన్నది అర్థమైతే, డీబీఎస్ ట్రయల్స్‌లో సగం గొడవలు అర్థమైనట్టే.

ఒక కారణం శస్త్రచికిత్సే. ఎలక్ట్రోడ్లు ఉండే సన్నని తీగను లీడ్ అంటారు, దాని మందం 1.27 మిల్లీమీటర్లు. అది కణజాలాన్ని పక్కకు నెట్టుకుంటూ దిగుతుంది, చుట్టూ వాపు వస్తుంది, దాంతో ఆ చోట నాడీకణాల పని కొన్నాళ్లు మందగిస్తుంది. థియేటర్‌లో ఎలక్ట్రోడ్ దిగగానే, స్టిమ్యులేషన్ ఇంకా మొదలుపెట్టకముందే, వణుకు తగ్గిపోవడం మామూలుగా కనిపించే విషయం. దీన్ని మైక్రోలీజన్ ఎఫెక్ట్ అంటారు. రోజుల నుంచి వారాల దాకా ఉండి పోతుంది. అందుకే చాలా కేంద్రాలు ప్రోగ్రామింగ్‌కు 2 నుంచి 4 వారాలు ఆగుతాయి. ట్రయల్‌లో ఇది ఇంకా ముఖ్యం: వాపు ఉండగానే కొలిస్తే షామ్ గుంపు, అంటే పరికరం పెట్టినా కరెంటు ఇవ్వని గుంపు, ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది, తేడా చిక్కిపోతుంది. రెండో కారణం ఆశ. తలకు ఫ్రేమ్ బిగించి, పుర్రెకు రంధ్రం చేయించుకుని, ఛాతీలో బ్యాటరీ పెట్టించుకున్న మనిషికి బాగవుతుందన్న నమ్మకం మాత్ర మింగినవాడికి ఉండే నమ్మకం కంటే చాలా బలంగా ఉంటుంది. పార్కిన్సన్స్‌లో నమ్మకం ఒట్టి మానసికం కూడా కాదు, ప్లాసిబో (ఉత్తుత్తి చికిత్స) వల్ల, ఈ జబ్బులో తగ్గిపోయే డోపమైన్ నిజంగా విడుదలవుతుందని మెదడు స్కాన్లలో చూశారు.

దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. శస్త్రచికిత్స కావాలని వచ్చి, లాటరీలో మందుల గుంపులో పడినవాళ్లు నిరాశపడతారు, ప్రశ్నపత్రంలో మార్కులు తక్కువ వేసుకుంటారు. 2013లో వచ్చిన ఎర్లీస్టిమ్ ట్రయల్ మీద ఉన్న ప్రధాన విమర్శ ఇదే. జర్మనీ, ఫ్రాన్స్‌లలో 251 మంది, సగటు వయసు 52, జబ్బు మొదలై సగటున ఏడున్నరేళ్లు. రెండేళ్ల తర్వాత జీవన నాణ్యత స్కోరు పీడీక్యూ-39 డీబీఎస్ గుంపులో 7.8 పాయింట్లు మెరుగైంది, మందుల గుంపులో 0.2 దిగజారింది. ఎవరు ఏ గుంపో రోగులకు తెలుసు. అయినా నా దృష్టిలో ఇది మంచి ట్రయలే, ఎందుకంటే రెండేళ్లపాటు షామ్‌లో ఉంచడం ఎవరికీ న్యాయం కాదు. కాకపోతే రెండు గుంపుల మధ్య ఆ తేడాలో కరెంటు వాటా ఎంత, ఆశ వాటా ఎంత, ఎదుటివాళ్ల నిరాశ వాటా ఎంత అన్నది ఆ ట్రయల్ చెప్పలేదు.

"పోలికకు స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదా, రోగికి తెలియకుండా?" అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. డీబీఎస్‌కు ఉన్న వరం అదే, కోసి తీసేసే శస్త్రచికిత్సకు ఆ వెసులుబాటు లేదు. కానీ తెలియకుండా ఉంచడం చెప్పినంత సులువు కాదు.

స్టిమ్యులేషన్ మొదలైన కొన్ని క్షణాలు చేతిలోనో ముఖంలోనో జిలజిలమనడం చాలామందికి తెలుస్తుంది. డిస్కినీషియా వస్తే చూసేవాళ్లకు కూడా తెలిసిపోతుంది. రోగి చేతికిచ్చిన రిమోట్‌లో ఆన్ ఆఫ్ చూసుకోవచ్చు, కాబట్టి ట్రయల్ సాగినంతకాలం దాన్ని లాక్ చేయాలి లేదా వెనక్కి తీసుకోవాలి. రీఛార్జబుల్ బ్యాటరీ అయితే ఇంకో లీకు: కరెంటు వాడేవాళ్లు ఛార్జింగ్ పెట్టుకుంటూ ఉంటారు, సున్నా మీద ఉన్నవాళ్ల బ్యాటరీ అంతగా తగ్గదు. ఇద్దరికీ ఒకే ఛార్జింగ్ దినచర్య పెట్టకపోతే ఇంట్లో వాళ్లే కనిపెట్టేస్తారు. ప్రోగ్రామింగ్ గదిలో షామ్ రోగికి పది నిమిషాల్లో పని ముగించి, అసలు రోగికి రెండు గంటలు పడితే అదీ లీకే. అందుకే ప్రోగ్రామింగ్ చేసే మనిషి వేరు, స్కోరు వేసే మనిషి వేరు ఉండాలి, షామ్ సెషన్ కూడా అంతే సేపు, అవే పరీక్షలతో సాగాలి. చివర్లో రోగినీ, స్కోరు వేసినవాళ్లనూ "మీరు ఏ గుంపు అనుకుంటున్నారు?" అని అడిగి ఆ జవాబులు ప్రచురించాలి. ఆ పట్టిక లేని పేపర్‌లో "డబుల్ బ్లైండ్" అన్న మాట నేను సగం నమ్ముతాను.

బోస్టన్ సైంటిఫిక్ ఇంట్రెపిడ్ ట్రయల్ ఈ చిక్కును ఇంకో దారిలో పట్టుకుంది. 160 మందిని ముగ్గురికి ఒకరు లెక్కన విడదీసి, కంట్రోల్ గుంపుకు సున్నా కాకుండా చికిత్సకు చాలనంత తక్కువ కరెంటు ఇచ్చారు. 12 వారాలకు తేడా 3.03 గంటలు. 2020లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. పార్కిన్సన్స్‌లో డీబీఎస్ పని ఆశ వల్లనే కాదు అనడానికి నేను ముందు చూపించేది దీన్నే.

ఇక "ఎప్పుడు" అన్న ప్రశ్న. ఒకే రోగికి కొన్నాళ్లు ఆన్, కొన్నాళ్లు ఆఫ్ పెట్టి పోల్చే క్రాసోవర్ పద్ధతి తక్కువమందితో సరిపోతుంది, అరుదైన జబ్బులకు అంతకంటే దారి లేదు. కానీ స్విచ్ తీసేశాక లక్షణాలన్నీ ఒకేసారి తిరిగిరావు. పార్కిన్సన్స్‌కు ఎక్కువగా ఎలక్ట్రోడ్ పెట్టే సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో స్టిమ్యులేషన్ ఆపితే వణుకు నిమిషాల్లో వచ్చేస్తుంది. బిగుతు, మందగింపు రావడానికి అరగంట నుంచి గంట. నడక, నిలబడటం దిగజారడానికి 3, 4 గంటలు. డిస్టోనియాలో (కండరాలు వాటంతటవే బిగిసి మెలితిరిగే జబ్బు) అయితే లెక్కే వేరు: మెరుగుపడటానికే వారాలు, నెలలు పడుతుంది, స్విచ్ తీసినా పాత స్థితికి వెంటనే చేరరు. ఆఫ్ చేసిన పావుగంటకే నడక కొలిచి "తేడా లేదు" అని రాస్తే తప్పు జబ్బుది కాదు, గడియారానిది. డిస్టోనియాలో 2006లో జర్మన్ బృందం క్రాసోవర్ జోలికి పోకుండా 40 మందిని రెండు సమాంతర గుంపులుగా చేసి మూడు నెలలు నడిపింది. కదలిక స్కోరు 15.8 పాయింట్లు తగ్గింది, షామ్‌లో 1.4. అంత పెద్ద తేడా డీబీఎస్ ట్రయల్స్‌లో అరుదు.

ఈ రెండు ప్రశ్నలూ కలిసి ఒక చికిత్సను ఎలా ముంచగలవో చూడాలంటే డిప్రెషన్ కథ చూడాలి. నిజానికి న్యూరాలజీ హద్దు దాటినట్టే, కానీ ఇంతకంటే మంచి పాఠం ఇంకోటి లేదు.

2005లో హెలెన్ మేబర్గ్ బృందం టొరంటోలో ఆరుగురు తీవ్ర డిప్రెషన్ రోగులకు సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ భాగంలో, అంటే బ్రాడ్‌మన్ 25లో, ఎలక్ట్రోడ్లు పెట్టింది. నలుగురికి బాగా తగ్గింది. సెయింట్ జూడ్ కంపెనీ దాని మీద బ్రాడెన్ అనే పెద్ద ట్రయల్ పెట్టింది. 90 మందికి పరికరం అమర్చి, 60 మందికి స్టిమ్యులేషన్, 30 మందికి షామ్, ఆరు నెలలు. మధ్యలో లెక్క చూసి, ఇలాగే సాగితే గెలిచే అవకాశం తక్కువని కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. ఆరు నెలలకు స్పందించినవాళ్లు స్టిమ్యులేషన్ గుంపులో 20 శాతం, షామ్‌లో 17 శాతం. మెడ్‌ట్రానిక్ వాళ్ల రిక్లెయిమ్ ట్రయల్ ఇంకో చోట, వెంట్రల్ క్యాప్సూల్‌లో, 30 మందితో చేసి అదే గోతిలో పడింది: స్పందించింది స్టిమ్యులేషన్ గుంపులో 15 మందిలో ముగ్గురు, ఎదుట 14 మందిలో ఇద్దరు.

ఇక్కడితో పుస్తకం మూసేయొచ్చు. కానీ బ్రాడెన్‌లో అందరికీ స్విచ్ వేసి రెండేళ్లు గమనిస్తే స్పందన 49 శాతానికి చేరింది. దీర్ఘకాలపు తీవ్ర డిప్రెషన్ దానంతటదే అంతగా తగ్గడం మామూలు కాదు. అయితే ఆ రెండేళ్లలో కంట్రోల్ గుంపు లేదు కాబట్టి అదీ రుజువు కాదు. పద్ధతిలో లోపం ఎక్కడుందో నెదర్లాండ్స్ ట్రయల్ చూపించింది. 2016లో ప్రచురితమైన ఆ పనిలో 25 మందికి ముందు షామ్ పెట్టలేదు. ఏడాదిపాటు బాహాటంగానే స్టిమ్యులేషన్ ఇస్తూ, కాంటాక్టులు (లీడ్ కొన దగ్గర కరెంటు వెలువడే చోట్లు), వోల్టేజి మారుస్తూ, ఒక్కో రోగికి సరిపడే సెట్టింగ్ వెతికారు. పదిమందికి పనిచేసింది. ఆ తర్వాత 16 మందిని తెలియకుండా ఆన్, ఆఫ్ మార్చారు. హామిల్టన్ డిప్రెషన్ స్కోరు (ఎక్కువైతే జబ్బు ఎక్కువ) ఆన్‌లో 13.6, ఆఫ్‌లో 23.1. ఈ అంకెలు ఎవరూ కాదనలేని తేడా.

సెట్టింగ్ ఇంకా కుదరనప్పుడు పోలిస్తే మీరు కొలిచేది చికిత్సను కాదు, చికిత్స కోసం సాగే వెతుకులాటను. పార్కిన్సన్స్‌లో వణుకు తగ్గిందో లేదో ప్రోగ్రామింగ్ గదిలోనే కళ్లకు కనిపిస్తుంది, కాబట్టి మూడు నెలలు చాలు. డిప్రెషన్‌లో ఒక్కో మార్పు ఫలితం తెలియడానికి వారాలు ఆగాలి. నాలుగు కాంటాక్టులు, వాటి జోడీలు, వోల్టేజి, పల్స్ వెడల్పు ఇవన్నీ తిప్పి చూడాలంటే ఆరు నెలలు ఏమూలకు? పైగా బ్రాడెన్ కాలంలో ఎలక్ట్రోడ్ చోటును ఎంఆర్ఐలో కనిపించే ఆకారం చూసి నిర్ణయించారు. తర్వాత మేబర్గ్ బృందమే అక్కడ కలిసే నాలుగు నాడీ మార్గాలను ట్రాక్టోగ్రఫీతో గీసి, కూడలి చూసి పెడితే 11 మందిలో 9 మందికి ఏడాదికల్లా స్పందన వచ్చింది. షామ్ లేని చిన్న అధ్యయనం అది, గుర్తుంచుకోవాలి. సెయింట్ జూడ్‌ను కొనుక్కున్న అబాట్ 2024లో ట్రాన్‌సెండ్ పేరుతో మళ్లీ ట్రయల్ మొదలుపెట్టింది.

చోటు మాట వచ్చింది కాబట్టి. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ మధ్యరేఖకు సుమారు 12 మిల్లీమీటర్ల పక్కన ఉంటుంది, పొడవు సెంటీమీటరు లోపు. మామూలు లీడ్‌కు నాలుగు కాంటాక్టులు, ఒక్కోటి 1.5 మిల్లీమీటర్లు, మధ్య ఖాళీ మోడల్‌ను బట్టి 0.5 లేదా 1.5. రెండు మిల్లీమీటర్లు బయటికి జరిగితే కరెంటు కదలికల నాడీ తంతువులు వెళ్లే ఇంటర్నల్ క్యాప్సూల్‌కు పాకి ముఖం, చెయ్యి లాగుతాయి, మాట ముద్దవుతుంది. లోపలికి జరిగితే కన్ను పక్కకు తిరుగుతుంది. వెనక్కి జరిగితే ఆగని జిలజిల. పుర్రె తెరిచినప్పుడు ద్రవం కారి గాలి చేరితే మెదడే కాస్త జారుతుంది, ఎంఆర్ఐలో వేసిన లెక్క అక్కడ తప్పుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత సీటీ తీసి ముందరి ఎంఆర్ఐతో కలిపి, ప్రతి రోగికీ ఏ కాంటాక్టు ఎక్కడుందో చూడాలి. ప్రోగ్రామింగ్‌లో 130 హెర్ట్జ్, 60 మైక్రోసెకన్ల దగ్గర ఉంచి, ఒక్కో కాంటాక్టుకు కరెంటును అర మిల్లీఆంపియర్ చొప్పున పెంచుతూ, ఏ అంకె దగ్గర మేలు మొదలైంది, ఏ అంకె దగ్గర ఇబ్బంది మొదలైంది అని రెండూ రాసుకోవాలి. ఆ రెండిటి మధ్య జాగా లేకపోతే లీడ్ సరైన చోట లేదనే ముందు అనుమానించాలి. లీడ్ల చోటు చెప్పని ట్రయల్ విఫలమైతే, ఆలోచన తప్పా, చెయ్యి తప్పా తెలియదు.

మూర్ఛ విషయంలో శాంటే ట్రయల్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. 110 మందికి థాలమస్ ముందు భాగంలో రెండువైపులా లీడ్లు, నెల ఆగి, మూడు నెలలు బ్లైండ్‌గా 5 వోల్టులు లేదా సున్నా. నిమిషం ఆన్, అయిదు నిమిషాలు ఆఫ్. బ్లైండ్ దశ చివరి నెలలో ఫిట్స్ 40.4 శాతం తగ్గాయి, కంట్రోల్‌లో 14.5. స్టిమ్యులేషన్ గుంపులో ఒకరికి మాత్రం స్విచ్ వేయగానే మూడు రోజుల్లో 210 చిన్న ఫిట్స్ వచ్చాయి. వోల్టేజి 5 నుంచి 4కు దించగానే ఆగాయి. ఆ ఒక్కరి లెక్క కలుపుతారా, తీసేస్తారా అన్నదాని మీద మొత్తం గణాంకమే ఊగిసలాడింది. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 7-5 ఓట్లతో అనుకూలంగా చెప్పినా అనుమతి రాలేదు, దీర్ఘకాలపు లెక్కలు చూపించాక 2018లో వచ్చింది. డిప్రెషన్ ఫిర్యాదులు స్టిమ్యులేషన్ గుంపులో 14.8 శాతం, ఎదుట 1.8. జ్ఞాపకశక్తి ఫిర్యాదులు 13, ఎదుట 1.8. ఫిట్స్ తగ్గిన శాతం చెప్పేటప్పుడు ఈ అంకెలు కూడా పక్కనే చెప్పాలి.

అల్జీమర్స్‌లో ఫోర్నిక్స్ (జ్ఞాపకశక్తికి సంబంధించిన నాడీ కట్ట) స్టిమ్యులేషన్ మీద 42 మందితో చేసిన అడ్వాన్స్ ట్రయల్ మొత్తంగా తేడా చూపలేదు. 65 దాటినవాళ్లలో కొంత మేలు, అంతకంటే చిన్నవాళ్లలో కొంత కీడు ఉన్నట్టు తర్వాతి విశ్లేషణలో కనిపించింది. అలా విడదీసి చూసిన ముక్కలు కొత్త ట్రయల్‌కు ప్రశ్న అవుతాయి గానీ జవాబు కావు. కుటుంబాలు దీన్ని చూసి ఆశపడటం మొదలుపెట్టాయి, తొందర వద్దు.

కొలతల దగ్గర రెండు జాగ్రత్తలు. పార్కిన్సన్స్ డైరీలో రోగి ప్రతి అరగంటకూ తన స్థితి గుర్తుపెట్టాలి: నిద్ర, ఆఫ్, డిస్కినీషియా లేని ఆన్, ఇబ్బంది పెట్టని డిస్కినీషియాతో ఆన్, ఇబ్బంది పెట్టేదానితో ఆన్. రాత్రి పడుకునేముందు రోజంతా ఒకేసారి నింపేస్తే ఆ డైరీ పనికిరాదు. ముందుగానే రోగికి నేర్పి, పక్కన నర్సు కూడా నింపి, రెండూ సరిపోయాయో చూడాలి. ఇంకోటి, మోటార్ స్కోరును వీడియో చూసి బ్లైండ్‌గా వేసేటప్పుడు బిగుతు కొలవలేరు, అది చేత్తో పట్టుకుని చూడాల్సిందే. కాబట్టి వీడియో స్కోరును మామూలు స్కోరుతో నేరుగా పోల్చకూడదు.

మన దగ్గర ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే ఏం చూడాలి? హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల పార్కిన్సన్స్‌కు జరిగే డీబీఎస్ ఎక్కువగా మామూలు చికిత్సే, ట్రయల్ కాదు. ఆ తేడా ముందు అడిగి తెలుసుకోండి. ట్రయల్ అయితే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, అంటే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. అందులో ప్రధాన ఫలితం ఏమని రాశారో, కంట్రోల్ గుంపు ఏమిటో చూడండి. కొత్త పరికరమైతే 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి రెండూ కావాలి. డిప్రెషన్, ఓసీడీ లాంటివాటికి మెదడు శస్త్రచికిత్స అంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం రోగి సమ్మతితో పాటు సంబంధిత మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ఆమోదం కూడా అవసరం. సమాచార పత్రం తెలుగులో ఇవ్వమని అడగడం మీ హక్కు.

పార్కిన్సన్స్‌లో చేర్చుకునేముందు, ఆ జబ్బుకు ప్రధాన మందైన లెవోడోపాతో పరీక్ష చేస్తారు. రాత్రి నుంచి 12 గంటలు సిండోపా లాంటివి ఆపి, పొద్దున స్కోరు వేసి, మామూలు ఉదయపు డోసుకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి మళ్లీ వేస్తారు. 30 శాతమైనా మెరుగుపడకపోతే డీబీఎస్ వల్ల పెద్దగా లాభం ఉండదు, వణుకు ఒక్కటే దీనికి మినహాయింపు. మందుకు కూడా లొంగని నడక తడబాటు, మతిమరుపు డీబీఎస్‌తో బాగవుతాయని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రమాదాల శాతాలు అడగండి. పైన చెప్పిన సెయింట్ జూడ్ ట్రయల్‌లో 136 మందిలో అయిదుగురికి ఇన్ఫెక్షన్, నలుగురికి మెదడులో రక్తస్రావం. ఇన్ఫెక్షన్ ముదిరితే పరికరం తీసేయాల్సి వస్తుంది. ఆపరేషన్ తర్వాత పార్కిన్సన్స్ మందులు మరీ వేగంగా తగ్గిస్తే రోగి దేనిమీదా ఆసక్తి లేకుండా మంచం పట్టొచ్చు. ఆత్మహత్య ఆలోచనల గురించి ప్రతి విజిట్‌లో అడిగే ఏర్పాటు ఉందా చూడండి. ఎర్లీస్టిమ్‌లో డీబీఎస్ గుంపులో ఇద్దరు, మందుల గుంపులో ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు.

పరికరం పెట్టాక మన ఊళ్లలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఫిజియోథెరపీ క్లినిక్. భుజం నొప్పికీ మోకాలి నొప్పికీ షార్ట్‌వేవ్ డయాథెర్మీ (రేడియో తరంగాలతో లోపలి కణజాలాన్ని వేడిచేసే చికిత్స) పెట్టడం ఇక్కడ మామూలు. డీబీఎస్ ఉన్న శరీరంలో ఏ భాగానికీ అది పెట్టకూడదు, స్విచ్ ఆఫ్ చేసినా సరే. లీడ్ ఆ శక్తిని పట్టి కొన దగ్గర మెదడును కాలుస్తుంది. 2001లోనే ఇలా తీవ్రంగా మెదడు దెబ్బతిన్న సంఘటనలతో హెచ్చరికలు వచ్చాయి.

చివరిగా డబ్బు. రీఛార్జబుల్ కాని బ్యాటరీ సుమారు 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది, ట్రయల్ ఏడాదిలోనో రెండేళ్లలోనో ముగుస్తుంది. మార్చడానికి లక్షల్లో ఖర్చవుతుంది. బ్యాటరీ ఒక్కసారిగా అయిపోతే కొందరు పార్కిన్సన్స్ రోగులు గంటల్లో కదల్లేని స్థితికి చేరతారు, జ్వరంతో ఐసీయూ దాకా వెళ్లొచ్చు. ట్రయల్ అయ్యాక కొత్త బ్యాటరీ ఎవరు కొంటారు, ఎన్నిసార్లు, కంపెనీ ఈ పని మానేస్తే ఎవరు, షామ్ గుంపులో పడితే స్విచ్ ఏ తేదీన వేస్తారు, పరికరం తీసేయమంటే ఖర్చు ఎవరిది: ఈ అయిదింటికీ జవాబులు సమ్మతి పత్రంలోనే రాసి ఉండాలి. నోటిమాట చాలదు. రాయడానికి వెనకాడితే సంతకం పెట్టకండి.